నోరు పాతదే, చెవి కొత్తది



అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక చిన్న మాట. మీలో కొందరి ఇళ్లలో పిలిస్తే పలికే స్పీకరు ఉండే ఉంటుంది. అరచేతిలో పట్టేంత గుండ్రటి పెట్టె. పాట పెట్టమంటే పెడుతుంది. టైమెంతయిందంటే చెబుతుంది. దాన్ని పిలవడానికి ఒక ఆడపిల్ల పేరు పెట్టారు కదా, ఆ పేరు ఈ ప్రసంగంలో నేను ఒక్కసారి కూడా పలకను. దాన్ని తయారుచేసే కంపెనీ పేరు కూడా పలకను. కొందరు ఆ కంపెనీ పేరునే పిలుపుగా పెట్టుకుంటారు. నేనిక్కడ మైకు ముందు ఆ మాట అన్నానంటే, అక్కడ మీ ఇంట్లో అది ఉలిక్కిపడి లేస్తుంది.

ఇది ఊహించి చెప్పడం లేదు. 2017 జనవరిలో అమెరికాలో ఇలాగే జరిగింది. ఒక చిన్న పాప ఆ పెట్టెతో కబుర్లాడుతూ బొమ్మరిల్లు కావాలని అడిగింది. అది నిజంగానే ఆర్డరు పెట్టేసింది. శాన్ డియాగో నగరంలో ఒక టీవీ స్టేషనువాళ్లు ఆ ముచ్చటను వార్తల్లో చెప్పారు. చెప్పేటప్పుడు ఆ పేరు కూడా పలికారు. ఇంకేముంది, టీవీ చూస్తున్నవాళ్ల ఇళ్లలో పెట్టెలు కూడా లేచి, బొమ్మరిల్లు కొనబోయాయని ప్రేక్షకులు చెప్పారు. అందుకని ఈ పూట దాన్ని "చెవి" అని పిలుద్దాం. వినడం దాని పని కాబట్టి ఆ పేరు దానికి సరిపోతుంది.

ఇక మా ఇంటి సంగతి చెబుతాను. మా అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. నాన్నగారికి 82 ఏళ్లు. గ్లాకోమా, మనవాళ్లు నీటికాసులు అంటారే, ఆ జబ్బుతో ఆయనకు చూపు మెల్లమెల్లగా పోయింది. ఇప్పుడు వెలుతురూ నీడా తెలుస్తాయి, అంతే. మనిషిని గొంతును బట్టి గుర్తుపడతారు.

2011లో డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు సెలవులకు వస్తూ మూడు వైర్‌లెస్ స్పీకర్లు తెచ్చాడు. ఒకటి హాల్లో పెట్టాం. ఒకటి దేవుడి గదిలో. ఒకటి నాన్నగారి మంచం పక్కన. స్పీకరు నుంచి స్పీకరుకు తీగ లేదు. ఇంట్లో ఉన్న వైఫై మీదే పాట వచ్చేది. ఫోనులో వేలితో నొక్కితే చాలు, ఘంటసాల గారి గొంతు మూడు గదుల్లోనూ ఒకేసారి వినిపించేది. ఆ రోజుల్లో అది పెద్ద వింత. చుట్టుపక్కలవాళ్లు చూడ్డానికి వచ్చారు.

చూపు ఉన్నన్నాళ్లూ నాన్నగారే ఫోను నొక్కుకునేవారు. చూపు తగ్గే కొద్దీ కష్టమైంది. పాత రేడియోకి తిప్పే మర ఉండేది. చీకట్లో కూడా చెయ్యి తిన్నగా దాని మీదికి వెళ్లేది. ఫోను అద్దం అలా కాదు. అంతా నున్నగా ఉంటుంది. ఎక్కడ నొక్కాలో వేలికి తెలియదు. నాన్నగారు ఆ అద్దం మీద వేలితో తడుముకోవడం నేను చూశాను. ఒకసారి పాట పెట్టబోయి ఎవరికో ఫోన్ కలిపారు. రెండోసారి ఇంకేదో అయింది. మూడోసారి ఫోను పక్కన పెట్టేసి, "పోనీలేరా" అన్నారు. ఆ "పోనీలేరా" నాకు ఇప్పటికీ గుర్తుంది.

దానికి తోడు ఇంకో దెబ్బ తగిలింది. ఇంట్లో ఫోను మార్చాం. కొత్త ఫోనులో ఆ స్పీకర్ల యాప్ తెరుచుకోలేదు. కంపెనీకి రాస్తే, "ఆ మోడలుకు ఇక సాయం లేదు, కొత్తది కొనుక్కోండి" అని జవాబు వచ్చింది. సరే, పాత సామాన్ల బండివాడికి ఇచ్చేద్దామని మేమంతా అనుకున్నాం. అప్పుడు మా అమ్మ అడ్డుపడింది. "మోగడం మానలేదు కదరా, మాట వినడం మానింది, అంతే కదా" అంది.

అమ్మకు ఎలక్ట్రానిక్స్ తెలియదు. కానీ అసలు కిటుకు ఆ ఒక్క మాటలోనే ఉంది. మోగడం వేరు, మాట వినడం వేరు.

ఇది కొంచెం నిదానంగా చెబుతాను. ఏ వైర్‌లెస్ స్పీకరులోనైనా రెండు భాగాలున్నాయనుకోండి. ఒకటి నోరు. అంటే పెట్టె, అందులో అయస్కాంతం, కాయిల్, కోన్, దాన్ని కదిలించే యాంప్లిఫయర్. రెండోది మెదడు. అంటే వైఫైని పట్టుకుని, ఫోనుతో మాట్లాడి, పాటను తెచ్చే చిన్న కంప్యూటరు. నోరు చాలా ఏళ్లు బతుకుతుంది. ముప్ఫై, నలభై ఏళ్ల నాటి స్పీకర్లు ఇప్పటికీ కమ్మగా పాడుతున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మెదడు అలా కాదు. ఏటేటా ఫోన్లు మారతాయి, యాప్‌లు మారతాయి, పాటలిచ్చే కంపెనీల పద్ధతులు మారతాయి. తక్కువ జ్ఞాపకశక్తి ఉన్న పాత మెదడు వాటిని అందుకోలేదు. నోరు బాగానే ఉన్నా మెదడు ముసలిదైపోతుంది. మనం ఆ రెండింటినీ కలిపి పారేస్తున్నాం.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. సోనోస్ అని ఒక కంపెనీ ఉంది. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా ఊరిది. గదిగదికీ వైర్‌లెస్ పాట అనే ముచ్చటను 2005లోనే అమ్మకానికి పెట్టింది. 2020 జనవరిలో ఆ కంపెనీ ఒక ప్రకటన చేసింది. మా పాత మోడళ్లకు మే నెల నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ రాదు అని. పాతవాటితో కలిపి కొత్తవి కొనుక్కున్నవాళ్లకు కూడా మొత్తం సెట్టుకు రాదు అని. వాడేవాళ్లు భగ్గుమన్నారు. రెండు రోజుల్లో ఆ కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. చివరికి పాతవాటికి ఒక యాప్, కొత్తవాటికి ఇంకో యాప్ అని విడదీశారు.

దానికి కొద్దిరోజుల ముందు బయటపడిన సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. పాత స్పీకరు ఇస్తే కొత్తదానిపై తగ్గింపు ఇస్తామన్నారు. ఇవ్వడం అంటే చేతికివ్వడం కాదు. యాప్‌లో ఒక బొత్తాం నొక్కాలి. నొక్కిన 21 రోజులకు ఆ స్పీకరు శాశ్వతంగా మూగబోతుంది. ఇంకొకరికి ఇచ్చినా పలకదు. బాగా పాడుతున్న గొంతును నొక్కేసినట్టు కాదూ? జనం గట్టిగా అడిగాక 2020లోనే ఆ పద్ధతి మానేశారు. అడిగారు కాబట్టి మానేశారు. వినియోగదారులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అయితే అదే కంపెనీ 2017లో ఒక మంచి పని కూడా చేసింది. ఆ ఏడాది అక్టోబరులో చెవి లోపలే ఉన్న కొత్త స్పీకరు తెచ్చింది. దాంతోపాటు, చెవి లేని తన పాత స్పీకర్లకు కూడా ఒక దారి చూపించింది. పక్కన వేరే కంపెనీ చెవిని పెట్టుకుని, దానితో చెబితే ఈ పాత స్పీకరు పాడేలా చేసింది. నోరు ఒకచోట, చెవి ఇంకోచోట. ఇప్పుడు నేను చెప్పబోయేది కూడా ఇదే. నోరు పాతది ఉంచుకోండి. చెవి కొత్తది తెచ్చుకోండి.

మేమేం చేశామో చెబుతాను.

ముందు నోరు బాగుందో లేదో చూడాలి. స్పీకరు ముందున్న జాలీ తీస్తే గుండ్రటి కోన్ కనిపిస్తుంది. దాని అంచు చుట్టూ మెత్తటి రింగు ఉంటుంది. కొన్నింటికి రబ్బరు, కొన్నింటికి ఫోమ్. ఫోమ్ అయితే మన ఉక్కపోతకు, తేమకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. వేలితో సుతారంగా తాకి చూడండి. వేలికి నల్లటి పొడి అంటితే రింగు పోయినట్టే. అయినా భయం లేదు. రింగు మార్చేవాళ్లు ఉన్నారు. విజయవాడలో గవర్నరుపేట వైపు, హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీ వైపు అడిగితే దొరుకుతారు. మా దేవుడి గది స్పీకరుకు అలాగే మార్పించాం. రిపేరు చేసినాయన కోన్ మీద రెండు బొటనవేళ్లు ఆన్చి, లోపలికి మెల్లగా నొక్కి వదిలాడు. చెవి దగ్గర పెట్టి విన్నాడు. గరగర శబ్దం లేదు. "కాయిల్ నిక్షేపంగా ఉందండీ, ఇంకో పదేళ్లు పాడుతుంది" అన్నాడు. డాక్టరు నాడి పట్టుకుని చూసినట్టే ఉంది నాకు.

రెండోది, కరెంటు. విదేశం నుంచి వచ్చిన సామానైతే అడాప్టరు మీద చిన్న అక్షరాలు చదవండి. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే మన ప్లగ్గులో పెట్టొచ్చు. 110 లేదా 120 అని మాత్రమే ఉంటే పెట్టకండి, కాలిపోతుంది. మళ్లీ చెబుతున్నాను. 240 అనే అంకె కనిపిస్తేనే నేరుగా ప్లగ్గులో పెట్టండి.

మూడోది, స్పీకరు వెనక్కి తిప్పి చూడండి. ఇయర్‌ఫోను పిన్ను పట్టేంత చిన్న రంధ్రం ఉందా? దాన్ని ఆక్స్ అంటారు. ఆ రంధ్రం ఉంటే మీ స్పీకరు బతికినట్టే. మా స్పీకర్లకు ఉంది. పన్నెండేళ్లు దాన్ని ఎవరమూ పట్టించుకోలేదు, దుమ్ము పట్టి ఉంది. కొత్తగా కొన్న చెవి నుంచి ఒక చిన్న వైరు తెచ్చి అందులో గుచ్చాం. యాప్ లేదు, కంపెనీ లేదు, పాస్‌వర్డ్ లేదు. స్పీకరు పాడింది.

వైర్‌లెస్ స్పీకరుకు వైరు పెట్టడమేమిటి అంటారేమో. స్పీకరుకు బ్లూటూత్ ఉంటే దానితో కూడా కలపొచ్చు. కానీ పెద్దవాళ్ల గదిలో నేను వైరుకే ఓటు వేస్తాను. బ్లూటూత్ స్పీకర్లు చాలావరకు కాసేపు శబ్దం లేకపోతే నిద్రపోతాయి. తర్వాత మనం పిలిస్తే చెవి వింటుంది, జవాబు కూడా ఇస్తుంది. కానీ నోరు నిద్రలో ఉంటుంది. జవాబు మనకు వినిపించదు. చూపున్నవాళ్లు లేచి వెళ్లి బొత్తాం నొక్కుతారు. చూపు లేనివాళ్లు ఏం చేస్తారు? వైరుకు ఆ నిద్ర గొడవ చాలావరకు లేదు. ఒక్క జాగ్రత్త. చెవి కొనేముందు దానికి వెనక ఆ పిన్ను రంధ్రం ఉందో లేదో చూడండి. ఈ మధ్య వచ్చిన కొన్ని మోడళ్లకు తీసేశారు.

చెవిని ఎక్కడ పెట్టాలి? స్పీకరు నెత్తిన మాత్రం పెట్టకండి. మేమూ మొదట అక్కడే పెట్టాం. పాట మోగుతుంటే నాన్నగారు ఎంత పిలిచినా అది పలకలేదు. పెళ్లిపందిట్లో సన్నాయి పక్కన కూర్చున్నవాణ్ని పిలిస్తే వినిపిస్తుందా? ఇదీ అంతే. చెవిని స్పీకరుకు మూడు, నాలుగు అడుగుల దూరంలో, మనిషి తల దగ్గరగా పెట్టండి. మంచం పక్కన గూట్లోకి మార్చాక నాన్నగారు మామూలు గొంతుతో పిలిచినా లేచింది.

ఇక వైఫై. కొత్త రూటర్లు రెండు దారుల్లో సిగ్నల్ ఇస్తాయి. 2.4 అని ఒకటి, 5 అని ఒకటి. 5 వేగంగా పోతుంది గానీ గోడ అడ్డొస్తే నీరసిస్తుంది. 2.4 నెమ్మదే గానీ గోడలు దాటుతుంది. పాత వైర్‌లెస్ స్పీకర్లలో చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. రూటరు రెండింటికీ ఒకే పేరు పెడితే అవి తికమకపడతాయి. ఇంటర్నెట్ అబ్బాయి వచ్చినప్పుడు "బాబూ, రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టు" అనండి. ఐదు నిమిషాల పని. రూటరును ఇనప బీరువా వెనకాల పెట్టకండి. చాలా ఇళ్లలో అక్కడే ఉంటుంది, కనిపించకూడదని. ఇనుము సిగ్నల్‌ను మింగేస్తుంది. కరెంటు పోతే రూటరు ఆగుతుంది. రూటరు ఆగితే చెవి మొద్దుబారుతుంది. మనం చెప్పిన మాట ఇంటర్నెట్ మీద దూరాన ఉన్న కంప్యూటర్లకు వెళ్లి, అర్థమై, తిరిగి రావాలి. అందుకని రూటరును ఇన్వర్టరు మీద పెట్టాం.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. భాష.

ఈ పెట్టె మన దేశానికి 2017 అక్టోబరులో వచ్చింది. మొదట ఇంగ్లీషు. 2019లో హిందీ నేర్చుకుంది. మేము కొన్న పెట్టెకు తెలుగులో చెబితే అర్థం కాలేదు. గూగుల్ వాళ్ల ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఫోనులో తెలుగు వింటుంది గానీ, నాన్నగారికి ఫోను వాడటమే కష్టమని మొదటే చెప్పాను కదా. ఎనిమిది దశాబ్దాలు తెలుగులో మాట్లాడిన మనిషి, తన మంచం పక్కనున్న వస్తువుతో పరాయి భాషలో మాట్లాడాల్సి రావడం నాకు మనసుకు కష్టంగా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. మన భాషలో మాట్లాడేవాళ్లు కోట్లమంది ఉన్నారు. ఈ పెట్టెలు తెలుగు నేర్చుకోవాలి. దబాయించి అడగాల్సిన విషయమిది.

అది నేర్చుకునేలోపు మేమొక ఉపాయం చేశాం. నాన్నగారు "నీలిమేఘాలలో పెట్టు" అంటే అది ఇంకేదో ఇంగ్లీషు పాట పెట్టేది. తెలుగు పాట పేర్లు దానికి చెవికెక్కవు. అందుకని ఆయనకు ఇష్టమైన పాటలన్నీ ఒక జాబితాగా చేసి, దానికి "నంబర్ వన్" అని పేరు పెట్టాం. భక్తి పాటలకు "నంబర్ టూ". యాప్‌లో రొటీన్ అని ఒకటుంటుంది. ఫలానా మాట అంటే ఫలానా పని చెయ్యి అని ముందే చెప్పి పెట్టుకోవడం. నాన్నగారు "గుడ్ మార్నింగ్" అంటే ఆకాశవాణి విజయవాడ కేంద్రం రావాలని పెట్టాం. ఇంటర్నెట్ మీద ఆకాశవాణి వస్తుంది కదా. చిన్న మాట, తేలిక మాట, రోజూ అనే మాట. ఇవే పెట్టండి.

నేర్చుకోవడానికి ఆయనకు వారం పట్టింది. మొదట్లో దాన్ని పేరు పెట్టి పిలిచి ఆగేవారు. మనిషిని పిలిస్తే "ఆఁ" అంటాడు కదా, ఆ "ఆఁ" కోసం ఆగేవారు. అది "ఆఁ" అనదు. కాసేపు చూసి మళ్లీ నిద్రపోతుంది. అప్పుడు ఆయన పాట పేరు చెప్పేవారు, ఎవరూ వినేవారు కాదు. మా చెల్లెలి కూతురు పక్కన కూర్చుని, "తాతయ్యా, ఆగొద్దు, పిలుపూ పనీ ఒకే ఊపిరిలో చెప్పెయ్యి" అని నేర్పింది. ఏడో రోజు పొద్దున నేను ఫోన్ చేసేసరికి వెనక పాట వినిపిస్తోంది. "ఎవరు పెట్టారు నాన్నగారూ?" అన్నాను. "నేనే" అన్నారు. ఆ ఒక్క మాట కోసం నేను ఇంకో మూడు స్పీకర్లు కొనమన్నా కొనేవాణ్ని.

ఒక హెచ్చరిక కూడా వినండి. చెవి ఎప్పుడూ వింటూనే ఉంటుంది. పిలుపు వినేదాకా విన్నది తనలోనే ఉంచుకుంటుంది. పిలుపు విన్నాక లైటు వెలుగుతుంది, అప్పటి నుంచి మన మాట బయటికి వెళ్తుంది. ఒక్కోసారి పిలవకపోయినా పిలిచారనుకుని లేస్తుంది. అందుకని ఆస్తి సంగతులు, ఆరోగ్యం సంగతులు మాట్లాడుకునేటప్పుడు పైనున్న మైకు బొత్తాం నొక్కండి. ఎర్రలైటు వస్తే చెవి మూసుకున్నట్టు. పడకగదిలో పెట్టాలా వద్దా అనేది ఆ గదిలో పడుకునేవాళ్లను అడిగి పెట్టండి. మేము నాన్నగారిని అడిగే పెట్టాం. మాటతో కొనుగోళ్లు చేసే వీలును యాప్‌లో ఆపేయండి. బొమ్మరిల్లు కథ గుర్తుంది కదా.

మూడు స్పీకర్లలో ఇప్పుడు రెండు ఇలా పాడుతున్నాయి. హాల్లోది అలాగే ఉంది. దానికీ ఒక చెవి కొనాలని తమ్ముడు అంటున్నాడు. అక్కర్లేదంటుంది అమ్మ. హాల్లో మనుషులు మాట్లాడుకోవాలట.

అమ్మ ఇప్పటికీ వంటింట్లో పాత ట్రాన్సిస్టరే వింటుంది. దానికి ఆకాశవాణి గాలిలోంచి నేరుగా వస్తుంది. నాన్నగారి గదిలో అదే ఆకాశవాణి ఇంటర్నెట్ చుట్టూ తిరిగి, కొన్ని క్షణాలు ఆలస్యంగా వస్తుంది. పొద్దున వార్తలు వంటింట్లో ముందు, మంచం దగ్గర తర్వాత. అమ్మ ఒక వార్త విని "అయ్యో" అంటే, నాన్నగారు "ఏమైందే?" అని అడిగి, ఆ వార్త తన దగ్గరికి వచ్చేదాకా ఎదురుచూస్తారు.

ఈ ప్రసంగం కూడా వాళ్లిద్దరూ వింటున్నారు. నేనీ మాట అనగానే వంటింట్లో అమ్మకు వినిపించి ఉంటుంది. నాన్నగారి గదిలోకి ఇంకా రాలేదు. దారిలో ఉంది. గూట్లో ఆ చెవి కూడా ఆయన పక్కనే వింటూ ఉంటుంది. దాని పేరు నేను పలికితే, పాత స్పీకరులో నా గొంతు తగ్గిపోవచ్చు.

నమస్కారం నాన్నగారూ.